ఆరాధనయు సేవయు: డోర్నకల్ బిషప్ అజరయ్యగారి జీవితము

ఘూర్జరదేశమున తపతీనదీతీరమునందలి సూరతు నగరము మొగలు చక్రవర్తుల కాలమున పశ్చిమసముద్రమునకు ముఖద్వారమై యుండెను. మక్కాకు పోవు యాత్రికులును, పట్టును నీలిమందును కొనవచ్చిన పరదేశపు వర్తకులును ఈ రేవుననే ఓడ లెక్కుచు దిగుచు నుండిరి. 1613వ సంవత్సరమున జహంగీరు చక్రవర్తి ఫర్మానా పొంది ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీవారు ఇచ్చట తమ వర్తకస్థానమును నెలకొల్పిరి. ఆ కోఠీలో గుమాస్తాలతోను లెక్కలు వ్రాయువారితోను పాటు ఒక పాదిరీయు నుండెడివాడు. ఉదయమునను రాత్రియు కోఠీవారందరు కూడి ప్రార్థన చేయవలెనని నియమము. ఇంగ్లండు దేశపు ఆంగ్లికన్ సంఘమువారి ఆరాధన మన దేశమున తొలుత క్రమబద్ధముగా సాగిన తావులలో ఈ కోఠీ యొకటి.

1616లో సూరతు రేవున దిగిన ఎడ్వర్డు టెర్రీ యను పాదిరీ, ఆంగ్ల రాయబారి యగు సర్ టామస్ రో పరివారమున చేరి మొగలు దర్బారును చూచి, స్వదేశమునకు మరలిన చాల కాలమునకు, 1655లో, తన యాత్రావృత్తాంతమును ప్రకటించెను. అందొక విషయమును ఆయన మిక్కిలి ఖేదముతో వ్రాసియున్నాడు. రేవున తిరుగు తెల్లవారు త్రాగి తూలుటయు, కలహించుటయు, ఇతరులను కొట్టి తిట్టుటయు చూచి ఆ ప్రాంతపు సామాన్యజనులు క్రైస్తవమతమే దయ్యపు మతమని చెప్పుకొనుచుండిరట. కోఠీలోపల జరుగు ప్రార్థన వారికి వినబడలేదు. వెలుపలి నడవడి మాత్రము కనబడినది. కనబడినదానినిబట్టి వారు వినబడనిదానికి వెల కట్టిరి.

ఏకాంతమున దేవుని కొలుచుట వేరు, లోకమున నడచుకొనుట వేరు అని తలచువారు అన్ని మతములందును కలరు. ఉదయమున గుడిలో గంట మ్రోగించిన చేయి మధ్యాహ్నమున కచేరిలో లంచమునకు చాపబడుట మనవారికిని క్రొత్త కాదు. కావున ఆరాధనకును సేవకును గల సంబంధ మెట్టిది యను ప్రశ్న ఒక్క మతమునకు చెందినది కాదు. ఆ ప్రశ్నకు గ్రంథముతో గాక జీవితముతో సమాధానము చెప్పినవారిలో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఒకరు. సూరతు కోఠీలో ప్రార్థనలు జరుపుకొనిన ఆ ఆంగ్లికన్ సంఘమునకే, రమారమి మూడు శతాబ్దముల తరువాత, వారు మొట్టమొదటి భారతీయ బిషప్పయిరి. వారు పుట్టుకచే తమిళులు. జీవితమును ధారపోసినది మాత్రము తెలుగు పల్లెలకు.

1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళై యను చిన్న గ్రామమున అజరయ్యగారు జన్మించిరి. తాటితోపులే ముఖ్యమైన జీవనాధారముగా గల మెట్టప్రాంతమది. తండ్రి థామస్ వేదనాయకంగారు వర్తకకుటుంబమున పుట్టి, మిషనరీ పాఠశాలలో చదువుకొనుచు క్రైస్తవులై, తుదకు ఆ గ్రామసంఘమునకే గురువుగా నుండిరి. తల్లి ఎల్లెన్‌గారు కుమారుని కొరకు ప్రార్థించి కన్నదగుటచే బిడ్డకు బైబిలులోని ప్రవక్త పేరే, శామ్యూలని, పెట్టుకొనిరి. బాలుడు పదునైదవయేట నుండగా, 1889లో, తండ్రి గతించెను. అటుపిమ్మట కుమారుని పెంపకమంతయు తల్లిమీదనే పడినది. ఆమె గారాబమెరుగని తల్లి. ప్రార్థనావేళ తప్పినను, పనివేళ తప్పినను ఆమె దృష్టిలో తప్పు ఒక్కటే. కుమారుడు పెద్దవాడై దేశదేశములు తిరిగినప్పుడును ఆ శిక్షణ విడువలేదు.

తిరునల్వేలిలో చదువు ముగించి అజరయ్యగారు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరిరి. గణితశాస్త్రమునందు వారికి అభిరుచి మెండు. కాని పరీక్షాసమయమున జబ్బుపడుటచే పట్టము చేతికి రాలేదు. పట్టము లేని యువకునకు ఆ దినములలో మంచి కొలువు దొరకుట దుర్లభము. అయినను 1895లో వై. ఎం. సి. ఏ. సంస్థవారు ఆయనను దక్షిణదేశమునకు కార్యదర్శిగా నియమించిరి. పట్టణములందలి యువకులను కూర్చుట, సభలు నడపుట, ఊరూర ఉపన్యసించుట వారి పని. మరుసటి సంవత్సరమున అమెరికానుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ అను యువకునితో మైత్రి కుదిరినది. తెల్లవారును నల్లవారును ఒక బల్లవద్ద కూర్చుండి భుజించుటయే వింతగా నున్న ఆ కాలమున వీరిరువురు కలసి ప్రయాణము చేయుచు, కలసి మోకరించుచు అన్నదమ్ములవలె మెలగిరి. 1898లో అజరయ్యగారు అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. ఆమె దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాలలో చదివిన తొలితరమువారు. కట్నము లేక, ఆడంబరము లేక ఆ పెండ్లి జరిగినది.

1902లో అజరయ్యగారు సింహళద్వీపమునందలి యాళ్పాణమునకు, అనగా జాఫ్నాకు, వెళ్లిరి. అచ్చటి తమిళక్రైస్తవులు తమ సంపాదనలోనుండి ధనము కూర్చి, తమవారినే మిషనరీలుగా ఇతర ప్రాంతములకు పంపుచుండుట వారి కంటబడెను. తిరునల్వేలి సంఘము అంతకంటె పెద్దది, పాతది. కాని అది అంతవరకు విదేశీయుల ధనముతో బ్రతుకుటయే కాని, తాను ఒకరికి పెట్టుట నేర్వలేదు. ఆదివారమున నిండుగా ఆరాధన జరుగుచున్నది. ఆ ఆరాధన ఊరిపొలిమేర దాటుట లేదు. ఈ లోపము అజరయ్యగారి మనస్సున ములుకువలె నాటుకొనినది.

స్వస్థలమునకు మరలినపిదప తిరునల్వేలి పెద్దలను ఒప్పించి 1903 ఫిబ్రవరిలో భారతీయ మిషనరీ సంఘమును స్థాపించిరి. దాని నియమము సులభమైనది: ధనము మనది, మనుష్యులు మనవారు, నిర్వహణము మనది. ఎచ్చటికి పంపవలెనను విచారణలో నైజాము రాజ్యమున వరంగల్లు ప్రాంతమునందలి మానుకోట, డోర్నకల్ పరిసరములు నిర్ణయింపబడినవి. తెలుగు మాటలాడు ఆ పల్లెలలో మిషనరీ సేవ అప్పటికి చాల స్వల్పము. మొదటి సేవకుడు 1904లో అచ్చటికి చేరుకొనెను. 1905 డిసెంబరు 25వ తేదీన వంగదేశమునందలి శ్రీరామపురమున, పూర్వము విలియం కేరీ పనిచేసిన స్థలమున, వివిధ సంఘముల భారతీయ క్రైస్తవులు కూడి జాతీయ మిషనరీ సంఘమును నెలకొల్పిరి. దానికిని అజరయ్యగారే కార్యదర్శులైరి.

ముప్పది యొక్క యేండ్ల వయస్సున రెండు సంస్థలు వారి చేతిమీదుగా వెలసినవి. 1907లో తోక్యో నగరమున జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ మహాసభకును వెళ్లి వచ్చిరి. పేరు, పలుకుబడి, స్థిరమైన ఉద్యోగము, నగరజీవనము అన్నియు నమరినవి. కాని సభలలో యువకుల నుద్దేశించి, మారుమూల పల్లెలకు సేవకై పొండని ప్రబోధించిన ప్రతిసారియు వారి యెదుట ఒక చిక్కు నిలిచెడిది. పొమ్మని చెప్పువాడు తాను పోక, కాగితములు వ్రాయుచు కూర్చుండవచ్చునా? ప్రార్థనలో ఇతరుల పేరులు దేవునికి విన్నవించి తన పేరు మాత్రము దాచవచ్చునా? సంస్థ నడపుటయు సేవయే యని సమాధానపడుటకు కావలసినన్ని కారణములు ఉండెను. అజరయ్యగారు ఆ కారణములను ఆశ్రయింపలేదు. 1909లో ఉద్యోగము విడిచిరి. ఆ యేడే గురుపట్టము పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్‌కు కాపురము మార్చిరి.

డోర్నకల్ నాడు ఒక చిన్న రైలుకూడలి. కాజీపేట బెజవాడల నడుమ నుండి బొగ్గుగనులవైపు పాయ చీలు ఆ స్థలమున రైలువారి ఇండ్లు, చుట్టును అడవి, నల్లరేగడి చేలు తప్ప వేరేమియు లేవు. ఇప్పుడది తెలంగాణ రాష్ట్రమున మహబూబాబాదు జిల్లాలో చేరియున్నది. మద్రాసు నగరపు వేదికలమీద ఆంగ్లమున అనర్గళముగా నుపన్యసించిన అజరయ్యగారు ఇచ్చట ముప్పదియైదవయేట తెలుగు ఓనమాలు దిద్దవలసివచ్చినది. ఉద్యోగరీత్యా పరభాషాప్రాంతమున కాపురముండువారికి ఆ శ్రమ తెలియును. పని జరుగుటకు చాలినంత భాష నేర్చుట ఒకటి. పొరుగువాని దుఃఖము అర్థమగునంత భాష నేర్చుట మరియొకటి. వారు రెండవదానిని కోరిరి. తెలుగున బోధించుటయు, తెలుగున ప్రార్థించుటయు వారికి అలవాటైనది.

1910లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. దానికి వచ్చిన వందలకొలది ప్రతినిధులలో ఆసియావాసులు బహు కొద్దిమంది. ఆ సభలో అజరయ్యగారు విదేశీయ మిషనరీలకును దేశీయ సేవకులకును నడుమగల సంబంధమును గూర్చి ప్రసంగించిరి. పాశ్చాత్యులు మన దేశమునకు చేసిన త్యాగమును వారు కొనియాడిరి. అయినను దయచూపుట వేరు, స్నేహముచేయుట వేరని, తమవారికి కావలసినది స్నేహమని నిర్మొగమాటముగా చెప్పిరి. ఒకే దేవుని యెదుట కలసి మోకరించినవారు బయటికి వచ్చినంతనే ఒకరు దొర, ఒకరు నౌకరు అగుట వారికి ఆరాధననే అబద్ధము చేయుటగా తోచినది. కొందరు నొచ్చుకొనిరి, కొందరు మెచ్చుకొనిరి. ఆ ప్రసంగము మాత్రము చరిత్రలో నిలిచినది.

మద్రాసు బిషప్పగు హెన్రీ వైట్‌హెడ్‌గారు డోర్నకల్‌ను ప్రత్యేక మండలముగా నేర్పరచి అజరయ్యగారిని బిషప్పు చేయవలెనని సంకల్పించిరి. వెంటనే పలువిధములైన ఆక్షేపణలు బయలుదేరినవి. భారతీయునికి తెల్లవారు లోబడియుందురా యని కొందరు, ఇంత బాధ్యతకు ఇది సమయము కాదని కొందరు తలయూచిరి. తుదకు 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ దేవాలయమున బిషప్పులు పదునొకండుగురు చేతులుంచి వారిని అభిషేకించిరి. వారి వయస్సు అప్పటికి ముప్పది యెనిమిదేండ్లు. మొదట మండలము చిన్నది. తరువాతి కాలమున కృష్ణా గోదావరీ ప్రాంతములును, కర్నూలు సీమయు చేరి అది మిక్కిలి విశాలమైనది.

ఇంతటి భారము మోసిన ఆ మనుష్యుని దినచర్య గమనింపదగినది. తెల్లవారుజామున నాలుగున్నర గంటలకే వారు నిద్రలేచెడివారు. ఇల్లు మేల్కొనకముందు బైబిలు పఠనము, మౌనము, ప్రార్థన సాగెడివి. తమ మండలమునందలి గురువులను, సంస్థలను పేరుపేరున తలచి ప్రార్థించుట వారి నియమము. ఆ ప్రార్థనలో విశేషమైన ఫలమొకటి యుండెను. పేరుపెట్టి దేవుని యెదుట ఒకరిని తలచినపుడు, ఆతని ఇంటి రోగము, బిడ్డల చదువు, ఆతడు గ్రామస్థులతో పెట్టుకొనిన తగవు అన్నియు తలపునకు వచ్చును. ప్రార్థన ముగియునప్పటికి ఆనాడు చేయవలసిన పని కూడ తేలియుండును. ఎవరికి ఉత్తరము వ్రాయవలెనో, ఏ పల్లెకు పోవలెనో, ఎవరిని మందలింపవలెనో ఆ మోకాళ్లమీదనే తెలిసెడిది. వారి ఏకాంతము లోకమునుండి తప్పించుకొనుట కాదు. లోకమును ఎదుర్కొనుటకు ముందు జరుగు సన్నాహము.

పిమ్మట ప్రయాణము. రైలు ఉన్నంతవరకు రైలు, అచ్చటినుండి ఎడ్లబండి, బాట లేనిచోట కాలినడక. పల్లెలో వారికొరకు వేచియుండునది చాల సందర్భములలో ఒక తాటాకుపాక. పగలు అది బడి. మాపటివేళ అదియే ప్రార్థనామందిరము. చేలలో పనిచేసి వచ్చిన జనులు ప్రొద్దుగ్రుంకినపిదప దీపము చుట్టును కూర్చుండెడివారు. పగలు పిల్లలకు అక్షరములు నేర్పిన ఉపాధ్యాయుడే రాత్రి పెద్దలకు ప్రార్థన నేర్పెడివాడు. ఒకే కప్పు క్రింద విద్యాదానమును ఆరాధనయు జరుగుటచే ఈ రెండు పనులు వేరని ఆ పల్లెవారికి తోచుటకే అవకాశము లేదు. చదువురాని వారికి ప్రశ్నోత్తరములతోను, తెలుగు కీర్తనలతోను, భజనలతోను బోధించు పద్ధతిని అజరయ్యగారు ప్రోత్సహించిరి. 1935 నాటికి మండలమున సుమారు 250 మంది భారతీయ గురువులును, 2,000కు పైబడిన గ్రామోపాధ్యాయులును పనిచేయుచుండిరి. వైద్యశాలలు, సహకారసంఘములు, ముద్రణాలయము వీనికి తోడైనవి.

ఆ పాకలకు వచ్చినవారిలో నూటికి తొంబదిమంది, నేడు దళితులని చెప్పబడు మాల మాదిగ కులములవారు. ఊరిబావి వారికి లేదు, గుడి లేదు, బడి లేదు. తరతరముల అప్పు మాత్రము ఉండెను. మురికి, రోగము, ఋణము, త్రాగుడు అను నాలుగింటిని ఆత్మకు శత్రువులుగానే యెంచి అజరయ్యగారు వానిపై పోరు సాగించిరి. వాకిలి ఊడ్చుట, బిడ్డకు స్నానము చేయించుట, కల్లు మానుట, పెండ్లికి అప్పుచేయకుండుట వారి దృష్టిలో చిన్న సంగతులు కావు. ప్రార్థించిన నోటితో త్రాగరాదనియు, దేవుని స్తుతించిన ఇంటిలో భార్యను కొట్టరాదనియు వారు ఊరూర చెప్పిరి. బాప్తిస్మము పొందినవాడు తన తలపై తన చేయి తానే యుంచుకొని, ఈ శుభవార్తను ఇతరులకు చెప్పకున్నచో తనకు శ్రేయస్సు లేదని ప్రమాణము చేయు ఆచారమును నెలకొల్పిరి. సేవ జీతగాండ్ర పని కాదు, ఆరాధించిన ప్రతివాని పని యని దాని భావము. ఏటేట ఒక వారము పల్లెలోని స్త్రీపురుషులందరు పొరుగూళ్లకు పోయి తమ మారిన బ్రతుకును గూర్చి పాటలతో, మాటలతో సాక్ష్యము చెప్పెడివారు.

దీని ఫలితము 1920వ దశకమునుండి కనబడసాగినది. పాలేరు దొంగతనము మానెను, త్రాగుడు మానెను, బిడ్డను బడికి పంపెను. ఇది చూచి ఊరిలోని ఇతర కులములవారు ఆశ్చర్యపడిరి. పెక్కు గ్రామములలో శూద్ర కులములవారు, తాము అంతవరకు దూరముగా నుంచిన ఆ పేదలవలననే ఆకర్షితులై, ఆ పాకలకే వచ్చి కూర్చుండిరి. పూర్వము సూరతు రేవున జనులు నడవడిని చూచి మతమును తిట్టిరి. ఇచ్చటి పల్లెలవారును నడవడినే చూచిరి, కాని మతము వద్దకు వచ్చిరి. గ్రంథములు చదివి తీర్పుచెప్పినవారు రెండుచోట్లను లేరు. పొరుగువాని కన్నే రెండుచోట్లను న్యాయాధిపతి.

పేదలు తీసికొనువారే కాని ఇచ్చువారు కారను అభిప్రాయమును అజరయ్యగారు ఎన్నడు నంగీకరింపలేదు. వంటకు బియ్యము కొలుచునపుడు ఇల్లాలు దేవునిపేర ఒక పిడికెడు తీసి వేరుగా నుంచవలెనని నేర్పిరి. కోతల పండుగకు రైతుకూలీలు ధాన్యము, కోళ్లు, గ్రుడ్లు, కూరగాయలు తెచ్చి బలిపీఠమువద్ద నుంచెడివారు. ఆ పిడికెడు బియ్యము ఒక పూట వంటకు లోటుచేసి ఉంచినదే. కాని తీసియుంచిన క్షణమున ఆ వంటయిల్లే పూజాస్థలమయ్యెను. గ్రామోపాధ్యాయుని ఆకలి తీరుటచే ఆ పూజయే సేవయయ్యెను. ఈ విషయమును గూర్చియే వారొక గ్రంథమును వ్రాసిరి.

అన్బు మరియమ్మాళ్‌గారి పాత్ర తక్కువది కాదు. ఉపాధ్యాయునితోపాటు ఆతని భార్యకును శిక్షణ నిచ్చుట డోర్నకల్ పద్ధతి. భర్త బడి నడపగా భార్య పల్లెస్త్రీలకు శిశుపోషణము, శుభ్రత, ప్రార్థన నేర్పవలెను. ఆ స్త్రీల నడుమ పనిచేయుటలో బిషప్పుగారి సతీమణియే ముందు నిలిచిరి. బిషప్పుగారు వారములకొలది పర్యటనలో నుండగా గృహభారమంతయు ఆమెయే వహించిరి.

అయినను అజరయ్యగారి కృషి అన్నిచోట్ల ఫలించినదని చెప్పుట సత్యము కాదు. మాలలును మాదిగలును ఒకే పాత్రలోనిది పుచ్చుకొని ప్రభుభోజనమున పాల్గొనిరి కాని, పిల్లనిచ్చి పుచ్చుకొనుటకు వెనుదీసిరి. ఇతర కులములనుండి వచ్చినవారు వీరిరువురిని ఎడముగా నుంచజూచిరి. బలిపీఠమువద్ద పోయిన కులము గుమ్మము దాటినంతనే మరల తలయెత్తుట బిషప్పుగారిని తీవ్రముగా బాధించినది. సహపంక్తిభోజనములు పెట్టిరి, మందలించిరి, క్రమశిక్షణ చూపిరి. శతాబ్దముల రోగము ఒక తరమున నయము కాలేదు. ఆరాధన అంతటితో ఆగిపోయినచో అది సగమే యను వారి నమ్మకమునకు ఈ వైఫల్యమును ఒక నిదర్శనము.

1930వ దశకమున మరియొక విధమైన పరీక్ష ఎదురైనది. దళితుల సామూహిక మతాంతరములను మహాత్మాగాంధీగారు గట్టిగా నాక్షేపించిరి. విద్య, వైద్యము ఎరగా చూపి అమాయకులను మతము మార్చుట సేవ కాదనియు, నిజమైన సేవకు ప్రతిఫలాపేక్ష యుండరాదనియు వారి వాదము. డోర్నకల్ బిషప్పు ఆ వివాదమున ప్రధానవ్యక్తులలో ఒకరైరి. పేదవాని ఆకలినే చూచి ఆతని ఆత్మదాహమును లేదనుట ఆతనిని తక్కువచేయుట యని అజరయ్యగారి సమాధానము. తాము ధనము పంచలేదనియు, పైగా ఆ పేదలవద్దనుండియే కానుక కోరితిమనియు వారు చూపిరి. ఇరువురును తెల్లవారకముందే లేచి ప్రార్థించువారు. ఇరువురును పల్లెలనే సేవాక్షేత్రముగా నెంచినవారు. అయినను ఈ విషయమున ఏకాభిప్రాయము కుదరలేదు. అజరయ్యగారు దేశాభిమానమునకు లోటుచేయలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని, అవి తమవారిని తోటి ప్రజలనుండి వేరుచేయునని, అధికారము తెచ్చిపెట్టు ఆ లాభమునే వారు వ్యతిరేకించిరి. ఎర వేయువాడు చేయు పని యది కాదు.

క్రైస్తవ సంఘముల చీలికలును వారిని కలచివేసినవి. ఇంగ్లండున ఎన్నడో పుట్టిన తగాదాలు తెలుగు పల్లెలలో గోడలై నిలుచుట వారికి అర్థరహితముగా తోచినది. 1919 మే నెలలో తరంగంబాడిలో సమావేశమై సంఘముల ఐక్యతకు తొలి ప్రకటన గావించినవారిలో అజరయ్యగారు ముఖ్యులు. ఆ సంప్రతింపులు ఇరువది యెనిమిదేండ్లు సాగినవి. 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడునాటికి దాని నిర్మాతలలో అగ్రగణ్యులైన వారు జీవించియుండలేదు.

వారి జీవితకాలమున పూర్తియైన స్వప్నము డోర్నకల్‌లోని ఎపిఫనీ దేవాలయము. తూర్పుదేశపు జ్ఞానులు తమ దేశపు కానుకలతో శిశువగు క్రీస్తును చూడవచ్చిన పండుగకు ఎపిఫనీ యని పేరు. ప్రతి జాతియు తన సొంత సొత్తును దేవునికి తెచ్చి యీయవలెనను తమ నమ్మకమునకు తగినట్లు అజరయ్యగారు ఆంగ్లదేశపు శిల్పమును అనుకరింపనీయలేదు. హిందూదేవాలయ మండపమును తలపించు రాతిస్తంభములు, మసీదును తలపించు గుమ్మటములు, తామరపూవుల చెక్కడములు అందు కలిసినవి. 1914లో మొదలైన ఆ నిర్మాణము యుద్ధముచేతను, కరవుచేతను, ధనాభావముచేతను మాటిమాటికి ఆగినది. పల్లెబడికి కావలసిన డబ్బు గుడికి మళ్లించుటకు బిషప్పుగారు సమ్మతింపలేదు. పేదలు తెచ్చిన చిన్నచిన్న కానుకలతో రాయిపై రాయి లేచినది. 1939 జనవరి 6వ తేదీన, ఆ పండుగనాడే, దాని ప్రతిష్ఠ జరిగినది.

సూరతులో కతార్గామ్ ద్వారమునకు సమీపమున ఆంగ్లేయుల పురాతన శ్మశానవాటిక కలదు. 1659లో చనిపోయిన క్రిస్టఫర్ ఆక్సెండెన్‌కును, 1669లో చనిపోయిన ఆయన సోదరుడు సర్ జార్జికిని అందు గుమ్మటములతో నొక మహాసమాధి కట్టబడినది. అదియును ఈ దేశపు శిల్పమునే అనుసరించినది. కాని ఆ గుమ్మటములు వచ్చిపోయిన దొరల కీర్తికై లేచినవి. డోర్నకల్ గుమ్మటముల క్రింద బ్రతికియున్న కూలీలు, తమ కానుకతో కట్టబడిన గుడిలో, తమ భాషలో పాడుకొనిరి. దేశీయమగుట రాతిపనివలన కలుగదు. ఎవరికొరకు కట్టిరో దానివలన కలుగును.

1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు అజరయ్యగారికి గౌరవ డాక్టరు బిరుదము నిచ్చిరి. పరీక్ష తప్పిన విద్యార్థికి ఆ విధముగా పట్టము లభించినది. 1929 మొదలు తుదివరకు వారు జాతీయ క్రైస్తవ మండలికి అధ్యక్షులుగా నుండిరి. 1938 డిసెంబరులో మద్రాసు సమీపమున తాంబరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు ఆతిథ్యమొసగినవారిలో ప్రముఖులు. ఇన్ని గౌరవములు వచ్చినను నివాసము డోర్నకల్, దినచర్య నాటిదే, పల్లెల పర్యటన ఆగలేదు. డెబ్బదవయేట, స్వల్పకాలపు అస్వస్థత తరువాత, 1945 జనవరి 1వ తేదీన వారు డోర్నకల్‌లోనే కన్నుమూసిరి. తాము కట్టించిన దేవాలయపు ఆవరణమునందే వారి దేహము విశ్రమించుచున్నది.

మఠములో కూర్చుండి ధ్యానించువారిని లోకమెరుగును. విశ్రాంతి లేక సేవచేసి అలసినవారినియు ఎరుగును. అజరయ్యగారు ఈ రెండింటిలో ఒకదానిని ఎన్నుకొనవలసిన పని లేదని చూపిరి. తెల్లవారుజామున తలచిన పేరులవారినే పగలు కలిసికొనిరి. పగలు కలిసినవారి కష్టములనే మరునాటి తెల్లవారుజామున మరల దేవునికి విన్నవించిరి. ఆ రాకపోకలు ముప్పదియైదేండ్లు ఎడతెగక సాగినవి. ఏ దేవుని ఏ పేరున కొలుచు ఉద్యోగికైనను ఆ దారి తెరచియే యున్నది: ఉదయపు పూజలో తలచినవారిలో, ఆనాడు తన బల్లముందు అర్జీతో నిలుచువాడును ఒకడుగా నుండవలెను.